అమ్మనంటే అమ్మని మావయ్య

మా మావయ్య పుస్తకాలు అచ్చువేస్తాడు. అమ్మడు.

అమ్ముడుపోవు అనడం లేదు నేను. ఆ జబ్బు ప్రచురణకర్తలందరికీ ఉన్నదే. మావయ్యది వేరే రకం. కొట్లోకి తనంతట తాను నడిచొచ్చి, అలమారులో పుస్తకం వేలుపెట్టి చూపించి, "ఇది కావాలండీ" అని జేబులో చెయ్యిపెట్టిన మనిషికి కూడా ఆయన అమ్మడు. ముందు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ మనిషిని ఎగాదిగా చూసి, "ఎందుకండీ?" అంటాడు.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలవాళ్ళు లోకంలో తక్కువ. పండితుల్లో మరీ తక్కువ. "ఎందుకేమిటండీ, చదవడానికి" అంటే "చదివి?" అంటాడు. "తెలుసుకోవడానికి" అంటే "తెలుసుకుని?" అంటాడు. పిల్లనిచ్చే మామగారు కూడా కాబోయే అల్లుణ్ణి అన్ని ప్రశ్నలు వేయడు. మూడో ప్రశ్న దగ్గరే సగంమంది గుమ్మం దిగిపోతారు. మిగతా సగం నాలుగో ప్రశ్న దగ్గర పరుగెత్తుతారు. దాంతో ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అందరూ "ఎందుకండీ గారు" అనే అంటారు. ఒకసారి కవరు మీద అదే పేరు రాసి ఎవరో ఉత్తరం వేస్తే, పోస్టుమాన్ రెండో ఆలోచన లేకుండా తెచ్చి ఇచ్చాడు.

నేను ఆయన అక్క కూతుర్ని. చదువవగానే అమ్మ "నాలుగు రోజులు వెళ్ళి మావయ్యకి సాయం చెయ్యవే" అని పంపింది. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తికాలేదు. కింద ముందుగదిలో కొట్టు, నడిమి గదిలో ఆఫీసు, వెనక గోడౌను, పైన కాపురం. ఆఫీసంటే నేనూ, ఒక కంప్యూటరూ, కాలు విరిగితే కట్టు కట్టిన ఒక కుర్చీ. కంపెనీ ఎలా నడిచేదని అడక్కండి. నడిచేది కాదు, నిలబడి ఉండేది.

మేం వేసేవి కథలూ నవలలూ కావు. అన్నీ శాస్త్రగ్రంథాలు. 'వానపాముల విసర్జన: ఒక పునఃపరిశీలన', 'బురదనేలల చరిత్ర: ఒక పునఃపరిశీలన' (మూడు భాగాలు), 'లుప్తమైన ప్రత్యయాలు: ఒక పునఃపరిశీలన'. మా రచయితలందరూ పునఃపరిశీలించేవారే. మొదటిసారి పరిశీలించినవాళ్ళు ఎవరో, వాళ్ళేమైపోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకసారి కొట్టు ముందు పెద్ద కారు ఆగింది. కొత్తగా ఇల్లు కట్టుకున్న కాంట్రాక్టరు ఒకాయన చేత్తో టేపు పట్టుకుని దిగాడు.

"ఆకుపచ్చ అట్టల పుస్తకాలు కావాలండీ. ఒక ఆరు మూరలు."

"ఎందుకండీ?"

"ముందుగదిలో గోడకండీ."

"గోడ చదువుతుందా?"

"అబ్బే, సోఫా రంగుకి నప్పుతాయని."

"అయితే చదివేది సోఫా అన్నమాట."

"మీరు భలేవారండీ! ధర ఎంతైనా పరవాలేదు, కొలిచి ఇచ్చెయ్యండి."

"వీధి చివర రంగుల కొట్టుంది. ఆకుపచ్చ అక్కడ డబ్బాల్లో దొరుకుతుంది, వెళ్ళిరండి" అని మావయ్య కళ్ళజోడు దించేశాడు.

కారు కదిలిపోయాక మేడమీంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఆరు మూరలండీ! ఆరు మూరల పుస్తకాలు పోతే నా కుట్టుమిషనుకి చోటొచ్చేది! వచ్చిన మహాలక్ష్మిని కర్రతో తరిమారు కదా!"

"మహాలక్ష్మి టేపు తెచ్చుకోదే" అన్నాడు మావయ్య.

ఇంకోసారి పెద్ద కాలేజీ లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది. నేనే తీశాను. పెద్ద ఆర్డరని వినగానే ఉత్సాహం పట్టలేక మావయ్యకి ఇచ్చాను. అదే నేను చేసిన పొరపాటు.

"మా దగ్గర నిధులు మిగిలిపోయాయండీ. నెలాఖరులోగా ఖర్చు చెయ్యకపోతే వెనక్కి పోతాయి. మీ పుస్తకాలన్నీ తలా అయిదు పంపించెయ్యండి" అన్నాడు అవతలాయన.

"ఎవరైనా చదువుతామని అడిగారా?"

"అడిగితే ఫైలు ఆలస్యమవుతుందండీ. ఎవరూ అడక్కపోతేనే తొందరగా కదులుతుంది."

"పంపితే ఎక్కడ పెడతారు?"

"బీరువాలో."

"తాళం?"

"వెయ్యమా మరి? దొంగలు పడరూ?"

"అయ్యా, వానపాముల పుస్తకానికి దొంగ పడితే ఆ దొంగని నా దగ్గరికి పంపండి. వాడికి ఊరికే ఇస్తాను" అని మావయ్య ఫోను పెట్టేశాడు. నేను ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించలేదు.

పోనీ, నిజంగా చదువుతామని వచ్చినవాళ్ళకైనా అమ్ముతాడా? పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి 'బురదనేలల చరిత్ర' మూడు భాగాలూ కావాలని వచ్చింది. ప్రశ్న మీద ప్రశ్న వేసి, పాపం ఆ పిల్లకి కావలసింది రెండో భాగంలో ఒక్క అధ్యాయమేనని రాబట్టాడు. "ఆ కాస్తకి ఇంత బరువెందుకమ్మా మొయ్యడం? ఇలా కూచుని చదువుకుపో" అని నా కుర్చీ ఇచ్చాడు. నేను నిలబడి పనిచేశాను. అత్తయ్య టీలు పంపింది. అధ్యాయం అయిపోయాక ఆ అమ్మాయే మొహమాటపడి, "ఒక కాపీ కొంటానండీ" అంది.

"చదివేశావుగా! మళ్ళీ ఎందుకమ్మా?" అన్నాడు మావయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఈ వడపోతలన్నీ దాటుకుని ఏడాదికి ఏ కొద్దిమందో పుస్తకంతో బయటపడేవాళ్ళు. వాళ్ళ ముఖాలు గండం గట్టెక్కినట్టు వెలిగిపోయేవి.

అమ్మని పుస్తకం ఏమవుతుంది? పెరుగుతుంది. గోడౌను నిండి ఆఫీసులోకి వచ్చింది. ఆఫీసు నిండి మేడమెట్లు ఎక్కింది. మెట్టుకి రెండేసి కట్టల చొప్పున పేర్చేసరికి మనిషి అడ్డంగా తిరిగితే తప్ప ఎక్కే వీలు లేదు. అత్తయ్య కాస్త ఒళ్ళున్న మనిషి. "ఈ ఇంట్లో బతకాలంటే నేనూ సంక్షిప్త ప్రతి అయిపోవాలి" అనేది. పైగా ప్రెస్సువాడు కబురుపెట్టాడు: ఇంత తక్కువ కాపీలు ఇకమీదట వేయలేనని, యంత్రం వేడెక్కేలోపే పని అయిపోతోందని. అంటే ఇక కొత్త పుస్తకం రాదు. కొత్త పుస్తకం రాకపోతే కంపెనీ లేదు. అప్పుడు నేనే ఈ-బుక్కుల కంపెనీకి ఫోను చేసి వాళ్ళ ఏజెంటుని పిలిపించాను.

మెడకి టై, చేతిలో పలక లాంటి యంత్రం, నోట్లో చక్కెర. ఆయన కుర్చీ అంచున కూచుని మొదలుపెట్టాడు.

"సార్, దీంట్లో వెయ్యి పుస్తకాలు పడతాయి."

"ఒక మనిషికి వెయ్యి పుస్తకాలు ఎందుకండీ?"

ఏజెంటు నవ్వాడు. అది ప్రశ్న కాదనుకున్నాడు పాపం. "అచ్చు ఖర్చు లేదు, గోడౌను లేదు, చెద లేదు. ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే, వేలితో ఒక్కసారి ఇలా నొక్కితే కొనేసుకోవచ్చు."

"నన్ను అడక్కుండానా?"

"అడగనే అక్కర్లేదు సార్! అదే దీని గొప్ప."

"అదే దీని రోగం."

"సార్, మీరు నిద్రపోతున్నా పుస్తకాలు అమ్ముడవుతూనే ఉంటాయి."

"నేను మెలకువగా ఉన్నప్పుడే అమ్మను. నిద్రలో అమ్ముతానా?"

ఏజెంటు నా వైపు చూశాడు. నేను కుర్చీకి కట్టిన కట్టు వైపు చూశాను. ఆయన యంత్రాన్ని సంచిలో పెట్టుకుంటూ గుమ్మం దగ్గర నన్ను గుసగుసగా అడిగాడు. "మేడమ్, సార్ ఏం చేస్తూంటారు?"

"ప్రచురణకర్త అండీ."

"అది బోర్డు మీద చదివాను మేడమ్" అని వెళ్ళిపోయాడు.

"నా ఒక్కడి నిర్ణయం ఎందుకు, పెద్దలని అడుగుదాం" అని మావయ్య సలహాసంఘాన్ని పిలిచాడు. మా సలహాసంఘంలో ముగ్గురు ప్రొఫెసర్లు. ముగ్గురూ ఒకరి పుస్తకాలకి ఒకరు ముందుమాటలు రాసుకున్నవాళ్ళు. కాబట్టి ఒకరి పుస్తకాలు ఒకరు చదవరు. టీలు తాగి చర్చ మొదలుపెట్టారు. 'ఈ'కీ 'బుక్కు'కీ మధ్య అడ్డగీత ఉండాలా వద్దా అన్నది మొదటి అంశం. భాషాశాస్త్రం ప్రొఫెసరుగారు ఉండాలన్నారు. చరిత్ర ప్రొఫెసరుగారు గీత అనేది విభజనకి గుర్తు అన్నారు. మూడో ఆయన, గీత ఉండాలి కానీ కనపడకూడదన్నారు. మళ్ళీ టీలు వచ్చాయి.

"గీత సంగతి తర్వాత చూద్దామండీ" అని నేనే చొరవ చేసి చెప్పాను. "వీటిలో ఇంకో సౌకర్యం ఉంది. ఏ మాట కావాలన్నా టక్కున వెతకవచ్చు. ఏ వాక్యం ఏ పుస్తకంలో ఎక్కడెక్కడ వచ్చిందో అన్నీ వరసగా చూపించేస్తుంది."

గది చల్లబడిపోయింది.

"ఏ వాక్యమైనానా?" అన్నారు చరిత్ర ప్రొఫెసరుగారు. ఆయనవి మేం నాలుగు పుస్తకాలు వేశాం. నాలుగింటికీ అట్టలు వేరు.

"ఏ వాక్యమైనా సరేనండీ. రెండు పుస్తకాల్లో ఒకే పేజీ ఉన్నా పట్టేస్తుంది."

"ఇది విజ్ఞానం మీద దాడి!" అని ఆయన లేచి నిలబడ్డారు. మిగతా ఇద్దరూ ఆయన ఎందుకు లేచారో అర్థం చేసుకుని తామూ లేచారు. అడ్డగీత మీద ఒక ఉపసంఘం వేసి ఆనాటికి ముగించారు.

ఈ విషయాన్ని ఉపసంఘాలు తేల్చలేదు. బురదనేలలు తేల్చాయి. ఒక ఉదయం పై మెట్టు మీదున్న కట్ట ఒకటి జారి, కిందిదాన్ని తన్ని, అది దాని కిందిదాన్ని తన్ని, మూడు భాగాల 'బురదనేలల చరిత్ర' మొత్తం మెట్లకి అడ్డంగా కూలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. కానీ అత్తయ్య పైనే చిక్కుపడిపోయింది. నేనూ మావయ్యా కట్టలు తియ్యబోతే బాల్కనీలోంచి గట్టిగా ఆపింది.

"ముట్టుకోకండి! ఆ కరెంటు పుస్తకాలు పెడతానని మాట ఇచ్చేదాకా నేను కిందికి దిగను, మీరు పైకి రాకండి!"

"ఏమోయ్, వీధిలో అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి! చదవనివ్వరు, కనీసం చూడనివ్వండి!"

వీధి నిజంగానే ఆగిపోయింది. రంగుల కొట్టాయన మెట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. అత్తయ్య బుట్టకి తాడు కట్టి కూరగాయల బండివాణ్ణి పిలిచి బేరమాడి, బుట్ట పైకి లాక్కుంది. కాసేపటికి పైనుంచి తాలింపు వాసన దిగింది. కింద పొయ్యి లేదు. మధ్యాహ్నానికి మావయ్య బాల్కనీ కింద నిలబడి తలెత్తాడు.

"సరేలేవే, పెడతాను."

"ఏమిటి పెడతారు?"

"ఆ కరెంటువి."

"వీధికి వినపడేలా చెప్పండి."

మావయ్య వీధికి వినపడేలా చెప్పాడు. అత్తయ్య బుట్టలో గిన్నె పెట్టి కిందికి దించింది.

మాట ఇచ్చాక మావయ్య తప్పడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. కొనే ముందు తెర మీద ఒక గడి రావాలి. అందులో 'ఎందుకండీ?' అని ఉండాలి. జవాబు రాస్తే అది తన దగ్గరికి రావాలి. తనకి నచ్చితేనే పుస్తకం తెరుచుకోవాలి. ఏజెంటు ఫోన్లో ఏడ్చినంత పనిచేశాడు. "మేడమ్, ప్రపంచంలో ఎక్కడా అమ్మేవాడు ఇలా అడగడు!" ఎలాగో ఒప్పించి పెట్టించాను. మొదటి రోజు వచ్చిన జవాబులు: 'ఊరికే', 'నొక్కి చూశా', 'మీకెందుకు?' మావయ్య మూడింటినీ కొట్టిపారేశాడు. మూడోవాడు మాత్రం ఆలోచించే మనిషిలా ఉన్నాడని కాస్త తటపటాయించాడు. సాయంత్రం అత్తయ్య వచ్చి, "అమ్మాయ్, ఆ గడి పీకెయ్" అంది. పీకేశాను.

గడి పీకేసిన దగ్గర్నుంచి పుస్తకాలు పోవడం మొదలుపెట్టాయి. వరదలా అనను, కానీ కారే కుళాయిలా, ఆగకుండా. ప్రత్యయాలు పోతున్నాయి, బురదనేలలు పోతున్నాయి, వానపాములైతే అన్నిటికన్నా ముందు పాకుతున్నాయి. పొద్దున్నే లెక్క చూసి నేను కేకలు పెడుతుంటే మావయ్య మాత్రం అలమార్లకి దుమ్ము దులుపుతూ, "ఎవరు కొన్నారు? ఎందుకు కొన్నారు?" అని గొణిగేవాడు. కొట్టుకి మనుషులు రావడం తగ్గిపోయింది. ప్రశ్నలు అడగడానికి ఎవరూ దొరక్క ఒకరోజు పాలవాణ్ణి పట్టుకుని పాలెందుకని అడిగాడు. "మీరు పొయ్యమంటేనే పోస్తున్నానండీ" అన్నాడు పాలవాడు. మెట్లు మాత్రం ఖాళీ అయ్యాయి. పాత కాపీలన్నీ అత్తయ్యా నేనూ ఏ ప్రశ్నా వేయకుండా అడిగినవాళ్ళకల్లా పంచేశాం, అత్తయ్య కుట్టుమిషను గోడౌనులోకి దిగింది.

అంతా బాగుందనుకుంటుండగా వానపాముల మాస్టారు వచ్చారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. 'వానపాముల విసర్జన' రాసింది ఆయనే. ఎప్పుడూ తోటమట్టి అంటిన చేతులతో, నవ్వుతూ వచ్చే మనిషి ఆరోజు చేతులు శుభ్రంగా కడుక్కుని దిగాలుగా వచ్చారు.

"మాస్టారూ! సరిగ్గా సమయానికి వచ్చారు. మీ పుస్తకం ఈ నెల ఎంతమంది కొన్నారో తెలుసా? అచ్చులో ఇన్నేళ్ళలో అంతమంది కొనలేదు!" అన్నాను.

"అబద్ధం చెప్పకమ్మాయీ. పెద్దవాణ్ణి."

"అయ్యో, ఇదిగో, కావాలంటే చూడండి."

ఆయన చూడలేదు. "అంతమంది చదివితే ఒక్కరైనా ఫోను చెయ్యరూ?"

"ఎవరండీ?"

"చదివినవాళ్ళు."

నాకు నవ్వొచ్చింది. "చదివినవాళ్ళు ఫోనెందుకు చేస్తారు మాస్టారూ? ఎక్కడైనా చేస్తారా?"

"ఎక్కడైనా సంగతి నాకు తెలీదు. నా పుస్తకం చదివిన ప్రతివాళ్ళూ చేశారు. ఏడాదికి ఇద్దరో ముగ్గురో అనుకో. పుస్తకం వచ్చినప్పట్నుంచీ చేస్తూనే ఉన్నారు. 'అయ్యా, మీరు రెండో అధ్యాయంలో ఇలా అన్నారు, తర్వాత అలా అన్నారు, ఏది నమ్మాలి?' అని ఒకాయన. 'ఇసకనేలలో కూడా ఇంతేనా?' అని ఒకావిడ. ఫోనొచ్చిన రోజు మా ఆవిడ కూడా టీ కప్పు తెచ్చి పక్కన పెట్టేది. మామూలు రోజుల్లో భోజనాల దగ్గర వానపాము మాటెత్తితే కంచం తీసుకుని వంటింట్లోకి పోతుంది." ఆయన గొంతు తగ్గించారు. "ఈ కరెంటు పుస్తకం వచ్చాక ఒక్క ఫోనూ లేదు. పాడైందేమోనని బాగుచేసేవాణ్ణి పిలిచాను. వాడు తన ఫోన్లోంచి చేసి చూపించాడు. ఇన్నాళ్ళకి మోగింది అదొక్కటే."

మాస్టారిని కూచోబెట్టి నేను తిన్నగా ముందుగదిలోకి వెళ్ళాను. మావయ్య దులిపిన అలమారే మళ్ళీ దులుపుతున్నాడు. అత్తయ్య పక్కన గుడ్డ కత్తిరిస్తోంది.

"మావయ్యా, మాస్టారికి ఫోన్లు ఎవరు చేసేవాళ్ళు?"

"చదివినవాళ్ళు."

"ఎందుకు చేసేవాళ్ళు?"

మావయ్య చేతిలో దులిపే గుడ్డ ఆగిపోయింది. బతుకంతా ఆ ప్రశ్నకి అవతలివైపు నిలబడ్డ మనిషి మొదటిసారి ఇవతలికి వచ్చాడు.

"నేను చెయ్యమన్నానే" అన్నాడు. "అమ్మేముందు గుమ్మం దగ్గర మెల్లిగా మాట తీసుకునేవాణ్ణి. చదివాక రచయితకి ఫోను చేసి, ఒక్క సందేహమైనా అడగాలని. మాటిస్తేనే పుస్తకం."

"అదేం షరతు?"

"నువ్వే చెప్పు. ఒక మనిషి పదేళ్ళు వానపాముల వెంట తిరుగుతాడు. రాసింది పెళ్ళాం చదవదు, పిల్లలు చదవరు. తోటి పండితులు వెనక పేజీల్లో తమ పేరుందో లేదో చూసుకుని మూసేస్తారు. ఎవరో ఒకరు 'అయ్యా, ఇక్కడిలా ఎందుకు రాశారు?' అని అడగాలి కదే! అడక్కపోతే వాడు రాశాడని వాడికైనా ఎలా తెలుస్తుంది? గోడకి కొన్నవాడు సందేహం అడుగుతాడా? తాళం వేసిన బీరువా అడుగుతుందా? అందుకని కొనేవాణ్ణి నాలుగూ అడిగి చూసుకునేవాణ్ణి."

"చదివినా సందేహం రానివాళ్ళుంటే?"

మావయ్య దగ్గాడు. "ఒకటీ అరా నేనే చెప్పి పంపేవాణ్ణి."

అత్తయ్య కత్తెర పక్కన పెట్టింది. "మీకెలా వచ్చాయండీ సందేహాలు?"

"చదివితే వస్తాయి."

"అంటే ఇవన్నీ... ఈ ఇంట్లో ఉన్న ఈ పుస్తకాలన్నీ మీరు చదివారా?"

"అచ్చువేసినవాడు చదవకపోతే ఎలాగే?"

"బురదనేలలు మూడు భాగాలూనా?"

"మూడోది కొంచెం జిగట" అని మావయ్య ఒప్పుకున్నాడు.

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. మెట్ల మీద ఇన్నేళ్ళు అడ్డంగా నడిచిన మనిషి, కోపం తెచ్చుకుందామని రెండుమూడుసార్లు ప్రయత్నించి, కుదరక, "అమ్మాయ్, మాస్టారికి టీ పెట్టావా?" అంది.

ఆ మధ్యాహ్నమే నేను అన్ని ఈ-బుక్కులకీ చివర ఒక పేజీ కలిపాను. మాటలు మావయ్యవే: 'చదవడం అయిందా? అయితే రచయితకి ఫోను చేసి ఒక సందేహం అడగండి. అడిగేదాకా ఈ పుస్తకం మీ దగ్గరున్నా మీది కాదు.' కింద నంబరు. "పెద్ద అక్షరాలతో వెయ్యి అమ్మాయీ, కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కనపడేలా" అని మాస్టారు పక్కన నిలబడి వేయించారు. ఏజెంటు మాత్రం, "కొన్నవాళ్ళకి పని చెప్పడమేమిటి మేడమ్! వ్యాపారం తలకిందులుగా చేస్తున్నారు" అన్నాడు. ఆ మాట మావయ్యకి చెబితే, పొగడ్త అనుకున్నాడు.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. తర్వాత ఒకరోజు మాస్టారింట్లో ఫోను మోగింది. వానపాముకి కళ్ళుంటాయా అని ఎవరో అడిగారు. పుస్తకం మొదటి పేజీలోనే ఉన్న సంగతి. అయినా మాస్టారు ఫోను వేడెక్కి చెవి ఎర్రబడేదాకా చెప్పారట. తర్వాత ఒకటీ, తర్వాత ఇంకొకటీ. ప్రత్యయాల రచయిత కూడా మాకు ఫోను చేసి, తనకి తీరిక దొరకడం లేదని గర్వంగా ఫిర్యాదు చేశాడు.

ఒక ఉదయం మేం తలుపులు తీస్తుండగానే మాస్టారు వీధి మలుపు తిరిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. చేతులనిండా మట్టి. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు.

"దొరికింది! శత్రువు దొరికింది!"

"ఎవరండీ?" అన్నాడు మావయ్య కంగారుగా.

"తెలుగావిడే, ఎక్కడో సముద్రాల అవతల ఉంటుందట. ఆవిడదీ వానపాముల మీదే పరిశోధన. నా నాలుగో అధ్యాయం శుద్ధ తప్పంది! పునాదే లేదంది! ఫోన్లో సరిపోదు, ఉత్తరం రాస్తున్నానని చెప్పి పదిహేను పేజీలు పంపింది!"

"అయ్యో మాస్టారూ" అన్నాను నేను.

"అయ్యో ఏమిటమ్మాయీ! నాలుగో అధ్యాయం దాకా చదివింది! పటాలు కూడా చూసింది! మూడో పటంలో తోక వైపు తల గీశానట. ఇన్నేళ్ళుగా ఒక్క ప్రొఫెసరు కనిపెట్టాడా?"

మావయ్య కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూచున్నాడు. "ఆవిడకి పుస్తకం ఎక్కడ దొరికింది? అంత దూరం మనం ఎప్పుడూ పంపలేదే."

"కరెంటు పుస్తకమేనండీ. నొక్కిందట, వచ్చిందట."

మావయ్య నా బల్ల దగ్గరికి వచ్చి కంప్యూటరుని మొదటిసారి దగ్గరగా చూశాడు. చేతిలో ఉన్న దులిపే గుడ్డతో దాని తెర నెమ్మదిగా తుడిచాడు. "అంత దూరం వెళ్ళొచ్చిందా ఇది! తెలీకుండా నానా మాటలూ అన్నాను" అన్నాడు.

జవాబు అప్పుడే రాయాలన్నారు మాస్టారు. ఆయన చెబుతుంటే నేను కొడుతున్నాను. మావయ్య వెనక నిలబడి చదువుతున్నాడు. మొదటి వాక్యం ఇలా వచ్చింది: 'నా పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివి, ఇంత అడ్డంగా అర్థం చేసుకున్న విదుషీమణికి నమస్కారం.'

"ఇంకొంచెం ఘాటు తగలాలి" అన్నాడు మావయ్య.

'ఇంత మొండిగా' అని కలిపాను. మాస్టారు తల ఊపారు. మూడో పటంలో తల తోక వైపు ఉన్న మాట నిజమేనని, అయితే ఆ వానపాము వెనక్కి తిరిగిందని రాయమన్నారు. మావయ్య చేతులు రుద్దుకుంటూ, అక్కడ ఇంకో పోటు పొడవచ్చన్నాడు.

పక్కగదిలో కుట్టుమిషను ఆగింది. "ఏవండీ, ఊరు కాని ఊళ్ళో ఉన్న ఆడమనిషి. కాస్త మర్యాదగా రాయించండి!" అంది అత్తయ్య.

"నువ్వుండవే!" అన్నాడు మావయ్య. "మర్యాదగా రాస్తే ఆవిడ మళ్ళీ జవాబు రాయదు!"